చెప్పనని మాటిచ్చాను

జూలై 1, మంగళవారం

ఫోన్లో కౌన్సెలింగ్ చేసే మా కంపెనీ నోట్సు కంప్యూటర్లో రాసేశాను. నిద్ర తక్కువ, ఆకలి తక్కువ, తర్వాతి సెషన్ గురువారం. బెంగళూరు నుంచి డాక్టర్ హరీష్ గారు అది చదివి ఒక టిక్కు పెడతారు. నేనిచ్చిన మాట సంగతి రాయడానికి అందులో చోటు లేదు. అందుకే ఈ పుస్తకం కొనుక్కొచ్చాను.

పేరు రాయను. పేర్లు రాయకూడదని కొత్తగా చేరిన కౌన్సిలర్లకు నేర్పించేదే నేను. ధర్మవరం అబ్బాయి అంటాను. అబ్బాయేం కాదు, ముప్పైకి దగ్గర పడ్డాడు. పట్టుచీరలు నేస్తాడు. ఒకే గదిలో రెండు గుంత మగ్గాలు, ఒకదాని మీద ఇతను, ఎదురుగా వాళ్ల నాయన. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నేస్తూనే నాతో మాట్లాడతాడు. రెండు మగ్గాల చప్పుడులో నాయనకు మాటలు తెలియవు, పాటలు పాడుకుంటున్నాడనుకుంటాడట. మగ్గం ఆగితే చాలు "ఏమప్పా, ఏమాయ" అంటాడట, అందుకని ఆపడు. వీడియో పెట్టడు. నెలన్నరగా మాట్లాడుతున్నాం, మొహం నేను చూడలేదు.

వాళ్లమ్మ పోయి రెండేళ్లు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఇద్దరు మగవాళ్లు, రెండు మగ్గాల చప్పుడు. మాటల్లేవు.

ఇవాళ ఉన్నట్టుండి అడిగాడు. "అక్కా, ఇదంతా నువ్వు ఎవరికన్నా చెప్తావా? నాయనకు తెలిస్తే తట్టుకోలేడు. ఎవరికీ చెప్పనని చెప్పు. లేకుంటే ఇప్పుడే పెట్టేస్తా."

"చెప్పను" అన్నాను.

అసలు వాక్యం అది కాదు. మీ ప్రాణానికి గానీ ఇంకొకరి ప్రాణానికి గానీ ప్రమాదం అనిపిస్తే తప్ప ఎవరికీ చెప్పను అనాలి. చట్టం చెప్పేదీ అదే, మొదటి రోజే చెప్పాల్సిందీ అదే. మొదటి రోజు అతను ఏడుస్తున్నాడు, అందుకని వాయిదా వేశాను. ఇవాళ మొదటి ముక్క మింగేసి చివరి మాట ఒక్కటే అన్నాను. చెబితే పెట్టేసేవాడు. పెట్టేస్తే ఇంకెవరితో మాట్లాడతాడు?

గురువారం చెబుతాను.

జూలై 3, గురువారం

చెప్పలేదు. ఇవాళ చాలా బాగా మాట్లాడాడు, చెడగొట్టబుద్ధి కాలేదు.

శ్రావణం పెళ్లిళ్లకు ఒక చీర పట్టాడట. ఒకటే పోరు, చేయించుకునేవాళ్లు రోజూ ఫోన్లు. మీ నాయన కొంచెం సాయం చేయొచ్చు కదా అన్నాను. నవ్వాడు. మొదటిసారి నవ్వడం విన్నాను. "సగం చీర ఇంగొకరి చేతికి ఇయ్యరు అక్కా. పోగు మీద పడే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో మాదిరి. చెయ్యి మారితే ఆడ గీత పడ్తాది, ఎంత పట్టు పోసినా కనపడ్తాది. మా నాయనకైనా ఇయ్యను." ఎంత గర్వంగా అన్నాడో. నోట్సులో పనిమీద ఆసక్తి ఉందని రాశాను.

ఇంకోటి కూడా ఇక్కడే రాసుకుంటా. ప్రతి సెషనూ మొదలుపెట్టేటప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి: ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు. ఫోన్లో వైద్యం చేసేవాళ్లకు అది అన్నిటికంటే ముందు. ఏదైనా జరిగితే మనిషిని వెతకాలి కదా. ఇతన్ని అడగడం మానేశాను. మగ్గం వినబడుతోంది. దారం మోసే నాడె అటు పోవడం, ఇటు రావడం, ఆ వెంటనే పోగును దగ్గరికి కొట్టే దెబ్బ. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి ఎక్కడున్నావని అడిగితే నాకే నవ్వొస్తుంది. దెబ్బ వినే అతని మనసెట్లుందో చెప్పగలను ఇప్పుడు. నెమ్మదిగా పడితే నిద్ర లేనట్టు. గట్టిగా, వరసగా పడితే బాగున్నట్టు.

జూలై 4

గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూశాను. "నువ్వు చూసి చూసే అది అరిగిపోతాది" అంది అమ్మ.

జూలై 8, మంగళవారం

ఇవాళ నెమ్మదిగా పడింది దెబ్బ.

"నేను లేకపోతే బాగుంటాదేమో అనిపిస్తాది అక్కా."

అడగాల్సినవన్నీ అడిగాను, తిప్పకుండా, సూటిగా. చచ్చిపోవాలని ఉందా? అప్పుడప్పుడు. ఎట్లాగన్నది ఆలోచించావా? లేదు. ఇవాళ, రేపు ఏమైనా చేసుకునేలా ఉందా? లేదు. పక్కన నాయన నేస్తుంటే ఈ జవాబులు చాలావరకు అతను "ఊ", "ఊహూ" అనే చెప్పాడు. ఆపదలో ఫోన్ చేయడానికి ఒక నంబరు కావాలని గట్టిగా పట్టుబట్టాను. పెనుకొండలో ఉన్న వాళ్ల అక్కది ఇచ్చాడు. చేయనని మాటిస్తేనే ఇచ్చాడు. మళ్లీ మాటిచ్చాను. నా నోటికి అదో రోగం పట్టినట్టుంది.

డాక్టర్ గారికి వెంటనే ఫోన్ చేశాను. మందులు మొదలుపెట్టాలి, వీడియోలో నాకు చూపించు, లేదంటే అక్కడి సర్కారు ఆసుపత్రికి పంపించు అన్నారు. తర్వాత అడిగారు. "హద్దులు చెప్పావా నీలావతీ? అవసరమైతే ఇంట్లోవాళ్లకు చెబుతామని?"

"చెప్పాను సార్."

గురువారం ఎలాగూ చెబుతాను. రెండు రోజులు ముందు చెప్పినట్టు లెక్క, అబద్ధం కాదు.

జూలై 10, గురువారం

సిగ్నల్ సరిగా లేదు. మాత్రలు వద్దన్నాడు. "ఇంట్లోకి మాత్రలు వస్తే నాయన చూడడా?" నేను ఇంకో మాట మొదలుపెట్టేలోపు కట్టయిపోయింది.

జూలై 11

చెప్పలేదు.

జూలై 12

ఆదివారాలు, శనివారాలు మనుషులకు ఎందుకు పెట్టారో. అమ్మ సంతకు రమ్మంటే వెళ్లాను. టమాటాల ముందు నిలబడి మాట కూడబలుక్కుంటున్నాను: చూడు తమ్ముడూ, నేను నీకొక మాట పూర్తిగా చెప్పలేదు. టమాటాలామె "ఎన్ని కేజీలు మేడం?" అని నాలుగోసారి అడిగిందట.

జూలై 15, మంగళవారం

బాగున్నాడు! దెబ్బ గట్టిగా, వరసగా పడింది. అన్నం తింటున్నాడట. ఈ చీర తెమిలిపోతే పెనుకొండకు అక్క దగ్గరికి పోయొస్తానన్నాడు. "నీకు చాలా శ్రమ ఇచ్చినా అక్కా, ఏమనుకోవద్దు" అన్నాడు. శ్రమేముంది, ఇది నా పని అన్నాను.

ఇంత బాగున్నవాడికి ఇవాళ ఆ ప్రాణాపాయం మాట ఎత్తడమేమిటని ఊరుకున్నాను.

డాక్టర్ గారు నోట్సు చూసి ఫోన్ చేశారు. "వారంలో అంత బాగెట్లా అయ్యాడు? మందు లేదు, మాకు లేదు." పని బాగా సాగుతోంది సార్ అన్నాను. "నాకు నచ్చలేదు. గురువారం కాదు, రేపే మాట్లాడు" అన్నారు. నాకు కోపం వచ్చింది. మనిషి బాగుపడితే కూడా వీళ్లకు అనుమానమే. మగ్గం చప్పుడు ఆయన వినలేదు కదా, నేను విన్నాను.

అయినా రేపటికి టైం అడుగుతూ మెసేజ్ పెట్టాను. గురువారమే మాట్లాడదాం అక్కా అని జవాబు వచ్చింది. చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు.

జూలై 17, గురువారం

వరసగా రాయాలి. రేపు ఇదంతా నాకే వేరేగా గుర్తుంటుంది.

పదకొండుకు ఫోన్ చేశాను. ఎత్తాడు. "వింటాండా అక్కా" అన్నాడు. మగ్గం ఆడుతోంది. ఎట్లున్నావన్నాను, జవాబు లేదు. నాడె చప్పుడు, దెబ్బ. కొన్నిసార్లు చాలాసేపు మాట్లాడడు, అప్పుడు తొందరపెట్టకూడదు. మౌనాన్ని మౌనంగానే ఉండనివ్వాలని చదువుకున్నాను కదా. చాలా హాయిగా కూర్చున్నాను. ఎక్కడున్నావని అడగలేదు. మగ్గం వింటూ, పర్వాలేదు, నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు, నేనిక్కడే ఉన్నాను అంటున్నాను. మంచి కౌన్సిలర్ని అనుకుంటున్నాను. ఎంతసేపో.

మగ్గం ఆగింది. దగ్గు వినబడింది, ముసలి దగ్గు. తర్వాత చెవికి దగ్గరగా, "ఎవరమ్మా నువ్వు? ఇంతసేపు ఎవరితో మాట్లాడ్తాండావు?"

గణేష్ లేడా అన్నాను.

"వాడు ఫోను ఎత్తినప్పుడే పాయ. ఫోను ఈడనే మేకుకు తగిలించి పాయ. నాయనా, రోంతసేపు నువ్వు కూర్చో, బయటికి పోయొస్తానన్నాడు. వాని చీర నాకిచ్చి పాయనమ్మా. ఎప్పుడూ ఇయ్యడు. ఏమో అనుకుంటి."

పేరు రాసేశాను. రాయనీ.

సగం చీర ఇచ్చి వెళ్లాడు. మా నాయనకైనా ఇయ్యను అన్నవాడు. అదెందుకిచ్చాడో ఆ ముసలాయనకు తెలియలేదు, నాకు తెలిసింది. నేను ఇంతసేపూ వాళ్ల నాయన నేసే దెబ్బ వింటూ గణేష్‌కు ధైర్యం చెబుతున్నాను. దెబ్బ వింటే మనసు తెలుస్తుందట నాకు! చెయ్యి మారిందని కూడా తెలియలేదు.

చెప్పాలా? మాటిచ్చాను. చెప్పకపోతే? ఎదురుగా ఉన్న మనిషి ఆ ముసలాయన ఒక్కడే.

చెప్పాను. "నేను గణేష్‌తో మాట్లాడే కౌన్సిలర్ని. ఆయన ప్రాణానికి ప్రమాదమని నాకు భయంగా ఉంది. వెంటనే వెతకాలి." అక్కడ ఆపేయాలి. కాపాడడానికి ఎంత కావాలో అంతే చెప్పాలి, ఒక్క మాట కూడా ఎక్కువ కాదు. నేను ఆపలేదు. భయం మనిషి చేత వాగిస్తుంది. "వాళ్లమ్మ పోయినప్పట్నుంచీ ఇట్లా ఉంది, మీకు చెప్పలేక ఇన్నాళ్లూ" అని ఏదేదో అనేశాను.

తర్వాత ఆయన, "ఆమె పోయినప్పట్నుంచా" అన్నాడు. అంతే అన్నాడు.

యాడికి పోయుంటాడండీ అని అరిచాను. తెలియదన్నాడు. ఆయన సొంత నంబరు తీసుకుని, వీధిలోకి వెళ్లి పక్కవాళ్లను పిలవమన్నాను. 112కు ఫోన్ చేశాను. వాళ్లు ధర్మవరం స్టేషన్‌కు కలిపారు. అక్కడాయన మర్యాదగానే మాట్లాడాడు. "మనిషి ఎట్లుంటాడు మేడం? పొడుగా, పొట్టా? ఏం చొక్కా?"

తెలియదు. రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తుందో తెలుసు, ఏ కూర చూస్తే వాళ్లమ్మ గుర్తొస్తుందో తెలుసు. పొడుగో పొట్టో తెలియదు. "మీరు ఆయనకు ఏమవుతారు మేడం?" అని అడిగాడు. నాయన నంబరు ఇచ్చి ఆయన్ని అడగమన్నాను.

పెనుకొండ అక్కకు ఫోన్ చేశాను. సుమలత. ఆమె వంటింట్లో ఉన్నట్టుంది, కుక్కరు కూస్తోంది. ఈసారి ఒక్క మాటే చెప్పాను, ఎక్కువ తక్కువ లేకుండా. ఆమె ఏడవలేదు. "వాడు ఈడికే వచ్చింటాడు మేడం. ఎప్పుడన్నా కోపమొస్తే ఈడికే వస్తాడు, ఇంట్లోకి మాత్రం రాడు" అని ఫోన్ పెట్టేసింది.

డాక్టర్ గారితో, నేను బస్సెక్కి పోతాను సార్ అన్నాను. "నువ్వు బస్సులో ఉంటే ఫోను ఎవరెత్తుతారు? ఉన్నచోటే ఉండు" అన్నారు. ఉన్నాను. హిందూపురంలో మేడ మీద గదిలో, తలుపు కింద చప్పుడు పోకుండా పెట్టిన తువ్వాలు పక్కన, నేల మీద కూర్చున్నాను. అమ్మ టీ తెచ్చి తలుపు తట్టింది. అది చల్లారి మీగడ కట్టింది.

సుమలత ఫోన్ చేసింది. దొరికాడు. పెనుకొండ బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాడు. ధర్మవరం బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, ఎక్కలేదు. హిందూపురం బస్సూ ఎక్కలేదు. "బాగుండాడు మేడం. ఏమీ చేసుకోలేదు. నా చెయ్యి పట్టుకోని కూర్చోనుండాడు" అంటూ అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

జూలై 18

బతికే ఉన్నాడు. పొద్దున లేవగానే ఇది మొదట గుర్తొచ్చింది, తర్వాత మిగతావన్నీ.

సర్కారు డాక్టరు చూశారట. కొన్నాళ్లు అక్క దగ్గరే ఉంటాడు. ఫోన్ ఎందుకు కట్ చేయకుండా పెట్టి వచ్చావని సుమలత అడిగిందట. "ఆమె మాట్లాడ్తాంటాది, మొగం మీద పెట్టేసినట్లుంటాదని" అన్నాడట.

జూలై 21, సోమవారం

విచారణ అనలేదు, సమీక్ష అన్నారు. వీడియోలో ముగ్గురు. అన్నీ ఒప్పుకున్నాను. ఎక్కడున్నారని అడగడం మానేశానని, హద్దులు చెప్పలేదని, చెప్పానని డాక్టర్ గారితో అబద్ధమాడానని. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తిడతారనుకున్నాను.

"వాళ్ల నాయనకు చెప్పడం తప్పు కాదు నీలావతీ. కొంచెం ఎక్కువ చెప్పావు, సరే. తప్పు అంతకు ముందే జరిగింది, చెప్పనని మాటిచ్చినప్పుడు."

ఉద్యోగం ఉంది. మూడు నెలలు నా ప్రతి కేసూ ఇంకొకరు చూస్తారు. గణేష్ ఒప్పుకుంటే మళ్లీ నాతోనే మాట్లాడొచ్చన్నారు. ఒప్పుకుంటాడనే అనుకుంటున్నాను. మొగం మీద పెట్టేయలేనన్నవాడు.

జూలై 24, గురువారం

ఒప్పుకోలేదు.

అతనే ఫోన్ చేసి చెప్పాడు, అది మెచ్చుకోవాలి. మగ్గం లేదు వెనకాల, సుమలత పిల్లల గోల. ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు అని అడిగాను. "అక్కింట్లో ఉండా. నువ్వెందుకు అడుగుతాండావో తెలుసులే" అన్నాడు. తర్వాత, "నువ్వు చెప్పకపోతే నేను ఉండనేమో. అది నాకు తెలుసు. కానీ చెప్పనని చెప్పి చెప్పినావు గదా మేడం."

రెండు నెలలుగా అక్కా అన్నవాడు.

క్షమాపణ అడిగాను. మొదటి రోజే ఇది చెప్పి ఉండాల్సిందని, చెబితే నువ్వు పెట్టేస్తావని భయపడ్డానని అన్నాను. "పెట్టేసేవాణ్ణేమో. మళ్ల చేసేవాణ్ణేమో. నన్ను అడగలేదు గదా" అన్నాడు. ఇంకొక కౌన్సిలర్ పేరు ఇచ్చాను. తీసుకున్నాడు. మందులు మానొద్దని చెప్పాను. సరే మేడం అన్నాడు.

కోపం రాలేదు. బాధే వచ్చింది, చాలా వచ్చింది. అమ్మ అడిగితే తలనొప్పి అన్నాను.

జూలై 29, మంగళవారం

మధ్యాహ్నం నా సొంత ఫోన్ మోగింది. ఆ రోజు కంగారులో నా నంబరు నుంచే చేశాను ఆయనకు, అదీ చేయకూడనిదే. తెరమీద పేరు లేదు గానీ దగ్గు వినగానే తెలిసింది.

"నేనమ్మా, నరసింహుల్ని. గణేష్ వాళ్ల నాయన్ని."

గణేష్ ఎట్లున్నారన్నాను.

"బాగుండాడు. అక్క దగ్గరే ఉండాడు, మాత్రలు మింగుతాండాడు. నేను పోయి చూసొచ్చినా. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదులే, ఊరికే కూర్చుంటిమి. వాని గురించి కాదమ్మా ఇప్పుడు."

ఆగాను. ఈసారి మౌనాన్ని నమ్మలేదు. ఉన్నారా, ఎక్కడున్నారు మీరు, పక్కన ఎవరున్నారు అని అడిగాను.

"ఇంట్లోనే. ఎవరుంటారమ్మా, ఒగణ్ణే." దగ్గి, మొదలుపెట్టాడు. "నాకు నిద్ర రాదు తల్లీ. ఆమె పోయినప్పట్నుంచీ రాదు. మగ్గంలో కూర్చున్నంతసేపు ఏమీ ఉండదు. లేస్తే కాళ్లు యాడ పెట్టాలో తెల్దు. ఎదురుగా వాడు ఉండాడు కదా, వానికి తెలిస్తే బయపడ్తాడని ఊరుకుంటి. ఆ పొద్దు నువ్వు అంటివి, అమ్మ పోయినప్పట్నుంచి వాడట్లుండాడని. వాడూనా అనుకుంటి."

వింటున్నాను, చెప్పండి అన్నాను.

"వాడు నీతో మాట్లాడినట్ల నేనూ మాట్లాడచ్చునా?"

నేను కుదరదని చెప్పాను. మీ అబ్బాయితో మాట్లాడినదాన్ని కాబట్టి మీతో నేను మాట్లాడకూడదు, మా దగ్గరే మేరీ అని ఉంది, చాలా మంచిది, మన తెలుగే మాట్లాడుతుంది, ఆమె నంబరు ఇస్తానన్నాను. ఎవరైతే ఏమిలే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు, ఆ ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు.

"నేను చెప్పేది మాత్రం వానికి తెలియకూడదమ్మా."

చెప్పం అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. ఒంటరి ముసలాయన, రెండేళ్లకు మొదటిసారి నోరు విప్పాడు. ఒక్క మాట తేడాగా అన్నానంటే పెట్టేస్తాడు, ఇక ఈ జన్మలో ఎవరికీ ఫోన్ చేయడు. నంబరు తీసుకోనీ, హద్దుల సంగతి మేరీ చూసుకుంటుందిలే అనిపించింది కూడా.

"మీరు చెప్పేది ఎవరికీ చెప్పం. కానీ మీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే చెబుతాం. మీ అమ్మాయికి గానీ, గణేష్‌కు గానీ. మీరు వద్దన్నా చెబుతాం. మేరీ కూడా మొదట ఇదే చెబుతుంది. నచ్చకపోతే ఇప్పుడే వద్దనండి, నేనేమీ అనుకోను."

లైను ఉందా అని ఫోన్ చెవి నుంచి తీసి చూసుకున్నాను. ఉంది.

"ఆ పొద్దు వాడు నా ముందరే లేసి పాయనమ్మా" అన్నాడు. "నాయనా, నాకిట్లుండాదని ఒక్క మాట అనలేకపోయ. కొడుకే అనలేకపోయినాడు, నాకట్లొస్తే నేను మాత్రం అంటానా? అనలేను. అప్పుడు నువ్వే చెప్పు తల్లీ. వానికే చెప్పు."

మేరీ నంబరు చెప్పాను. ఆయన అంకెలన్నీ ఒక్కొక్కటిగా తిరిగి చదివి వినిపించాడు. సరిగ్గానే ఉంది.